రెండో పేజీలోని రెండు లైన్లు

నాకొక పొగరు ఉండేది. ఎంత పెద్ద అర్జీ తెచ్చినా సరే, ఒక్క పేజీలో పట్టిస్తానని. పట్టాదారు పాసుబుక్కు రాలేదని అర్జీ, పింఛను నిలిచిపోయిందని అర్జీ, బర్రె చచ్చిపోయిందని ఇన్సూరెన్సుకు అర్జీ, ఏదైనా ఒకటే కాగితం. ఎదురుగా కూర్చున్న మనిషి అరగంటసేపు ఏకరువు పెట్టినదాన్ని పదిహేను లైన్లకు కుదించి, కింద సంతకానికి చోటు కూడా మిగిల్చి ప్రింటు తీసిస్తే, "ఏం చెయ్యమ్మా నీది!" అనేవాళ్ళు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడది గుర్తుకొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ విద్య నాకు హిందూపురంలో అబ్బింది. పెళ్ళి కాకముందు అక్కడ మా పెద్దమ్మ ఇంట్లో ఉండి టైపు నేర్చుకున్నాను. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే మాస్టరు. కాగితం వృథా అయితే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. "రెండో షీటుకు పోయినావంటే నీకు టైపు రానట్లే లెక్క, గొత్తాయితా, తెలిసిందా?" అనేవాడు. ఎవరికైనా రెండో షీటు మీద ఒకటో రెండో లైన్లు మిగిలిపోతే ఆ కాగితం గాల్లో ఊపి అందరికీ చూపించేవాడు. ఒకసారి నాది ఊపినాడు. తల కొట్టేసినట్టయింది. ఆ పొద్దు నుంచి నేను రెండో షీటుకు పోలేదు.

తర్వాత పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఒక మండలం ఊర్లో జెరాక్సు, టైపింగు అంగడి పెట్టుకున్నాను. నా సంసారం సంగతి ఇక్కడ అక్కరలేదు, వదిలేస్తాను. ఊరి పేరు కూడా రాయను. రాస్తే ఆ స్టేషనేదో, ఆ మనుషులెవరో తెలిసిపోతుంది. వాళ్ళను బజారుకీడ్చాలని నాకు లేదు. బజారుకీడ్చాల్సింది ఎవరినో చదివితే మీకే తెలుస్తుంది.

నా అంగడి పోలీసు స్టేషను పక్కనే. వాళ్ళ కంప్యూటరు పనిచేసేది తక్కువ, మొరాయించేది ఎక్కువ. కాబట్టి రైటరు, అంటే స్టేషన్లో రాతపని చూసే హెడ్ కానిస్టేబులు, చేతిరాత కాగితాలు తెచ్చి నాతో టైపు చేయించుకునేవాడు. ఎక్కువగా పంచనామాలు. ప్రమాదం జరిగిన చోట ఏమేమి కనపడిందో ఇద్దరు సాక్షుల ముందర రాసుకునే కాగితం అది.

మా ఊరి నుంచి హైవేకు పోయే దారిలో ఒక మలుపు ఉంది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క మనిషి లోతు గుంత. అక్కడ జరిగిన మొదటి ప్రమాదం పంచనామా నేనే టైపు చేసినాను. మోటారు సైకిలు మీద పోతున్న మనిషి గుంతలో పడి పోయినాడు. అప్పటి రైటరు పెద్దాయన, రిటైరుమెంటుకు దగ్గరగా ఉన్నాడు. స్వయంగా మలుపు దాకా నడిచిపోయి, అంతా చూసొచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క మాటా చెప్పినాడు. చెప్పి, టీ తాగొస్తానమ్మా అని పోయినాడు.

ప్రింటు తీస్తే రెండు షీట్లు వచ్చినాయి. రెండో షీటు మీద రెండే లైన్లు, వాటి కింద "సాక్షుల సంతకములు" అని. నా కళ్ళ ముందర మాస్టరు కాగితం ఊపుతున్నట్టే అయింది. ఆ రెండు లైన్లు చదివి చూసినాను. "సదరు మలుపు వద్ద గుట్టపై నుండి వర్షమునకు కొట్టుకొని వచ్చిన ఇసుక రోడ్డుపై జానెడు మందమున పరచుకొని యున్నది. హెచ్చరిక బోర్డు లేదు." అంతే. ఇసుకదేముందిలే, వానొస్తే యాడైనా ఇసుక వస్తాది అనుకున్నాను. పేరు తీసేయలేను, బండి నంబరు తీసేయలేను, టైము తీసేయలేను. ఇసుక తీసేసినాను. సంతకాల చోటు పైకి వచ్చింది. ఒక్క పేజీ, ముత్యం మాదిరి.

పెద్దాయన తిరిగొచ్చినాడు. చదివి చూడండి సార్ అన్నాను. "నువ్వు టైపు చేస్తే చదివేదేముండాదిలేమ్మా" అని సంతకం పెట్టేసినాడు. ఆ మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. చదివింటే ఏమయ్యేదో. ఆయన తప్పేం లేదు, నన్ను నమ్మినాడు, అంతే.

ఆ ఫైలు బాగా కుదిరిందని "మాదిరి" అని పేరు పెట్టి దాచుకున్నాను. తర్వాత ఆ మలుపులో ఎవరు పడినా ఆ ఫైలే తెరిచేది. పేరు, తండ్రి పేరు, తేదీ, బండి నంబరు మార్చేది. "అతివేగముగా మరియు అజాగ్రత్తగా నడిపి" అనే ముక్క మార్చాల్సిన పని ఎప్పుడూ పడలేదు. పెద్దాయన రిటైరై పోయినాడు. రైటర్లు మారినారు, మాదిరి మారలేదు. కొత్తగా వచ్చినోళ్ళు మలుపు దాకా పోయేది కూడా మానుకున్నారు. "అమ్మా, మొన్నటిదే తీసి పేరు మార్చు" అని వాకిట్లో నిలబడే చెప్పి పోయేవాళ్ళు. నేనూ ఐదు నిమిషాల్లో ఇచ్చేసేదాన్ని. పెద్ద ఘనకార్యం.

మిగిలిపోయిన రెండో షీటు నేను పారేయలేదు. మా అంగళ్ళలో ఏ కాగితమూ పారేయము, వెనక పక్క తెల్లగా ఉంటుంది కదా. పాడైన షీట్లన్నీ కట్టగా కుట్టి మా తమ్ముడి కూతురికి ఇచ్చేదాన్ని. దానికప్పుడు నాలుగేళ్ళు. రోజంతా బొమ్మలు గీసేది. ఒకరోజు ఆ కట్టలో ఒక షీటు వెనకాల వాళ్ళ నాయన ఆటో గీసింది. మూడు చక్రాలూ ఒకే వరసలో, ఆటో కంటే వాళ్ళ నాయన తలకాయే పెద్దది, మీసాలు ఆటో బయటికి వచ్చినాయి. మా తమ్ముడు ఆ బొమ్మ చూసి మురిసిపోయి, కట్టలోంచి చించి, గంజి పూసి మంచం పక్క గోడకు అతికించుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా, "చూడండప్పా నా మీసాలు" అని చూపించేవాడు.

మా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నోడు. నేనే ఎత్తుకుని తిప్పినాను. ఆటో తోలేవాడు. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే రైతులను, వాళ్ళ పట్టుగూళ్ళ సంచులను ఎక్కించుకుని హిందూపురం మార్కెట్టుకు పోయేది, మధ్యాహ్నం తిరిగొచ్చేది. గూళ్ళు కుదుపుకు నలిగిపోతాయని ఎంత మెల్లగా తోలేవాడంటే, గొర్రెలు తోలుకునే మనిషొకాయన దారిలో వాడిని చూసి, "ఏమప్పా, నీ ఆటో వెనకపడిందంటే చెప్పు, నా గొర్రెలను నిలబెడతా" అన్నాడంట. వాడే వచ్చి నాకు చెప్పి నవ్వినాడు. "గూళ్ళు నలిగితే రైతు నోట్లో మన్నే కదక్కా" అన్నాడు. నేను కూడా ఎగతాళి చేసేదాన్ని. "నువ్వు హిందూపురం చేరేలోగా ఆ గూళ్ళలో పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోతాయిరా" అని.

వాడు పెళ్ళి చేసుకున్నది ధర్మవరం పిల్లను, మగ్గం నేసే ఇంటి పిల్ల. మాట తక్కువ. పెళ్ళయినాక మా ఊర్లో మగ్గం లేకపోయినా దాని వేళ్ళు ఊరకుండేవి కావు, చీర కొంగు పోగులు ముడేసుకుంటూ ఉండేది. వాళ్ళకు ఒక్కతే కూతురు.

ఒక వానాకాలం, మిట్టమధ్యాహ్నం ఒక వాన కొట్టి వెలిసింది. వాడు ఖాళీ సంచులతో హిందూపురం నుంచి తిరిగొస్తున్నాడు. పొద్దున పోయేటప్పుడు నేనే చెప్పినాను, కాగితాలు అయిపోయినాయిరా, ఒక రీము తీసుకురా అని. నాలుగు గంటలకు ఎవరో పరిగెత్తుకుంటూ అంగడి ముందరికి వచ్చి, "అక్కా, మీ తమ్ముని ఆటో మలుపు కాడ గుంతలో పడిండాది" అన్నారు. నేను పోయేలోపల వాడిని పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయినారు. నేను పెనుకొండకు పోయేలోపల వాడు లేడు.

ఏం రాయమంటారు. ఒంటి మీద పెద్ద దెబ్బ కూడా కనపడలేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. లేరా, ఇంటికి పోదాం లేరా అని నేను చెయ్యి పట్టుకుని గుంజుతా ఉంటే ఎవరో నన్ను పక్కకు తీసుకుపోయినారు. ఆటోలోంచి తీసిన సామాన్లు నా చేతికిచ్చినారు. ఖాళీ సంచులు, వాడి తువ్వాలు, నేను చెప్పిన కాగితాల రీము. రీము ఒక మూల తడిసింది.

మరుసటి రోజు కొత్త రైటరు వచ్చి అంగడి వాకిట్లో నిలబడినాడు. లోపలికి రాలేదు. "అమ్మా, ఇది వేరే యాడైనా చేయించుకుంటాలే" అన్నాడు. మా ఊర్లో వేరే అంగడి లేదు. "ఇయ్యండి సార్" అన్నాను. మాదిరి తెరిచినాను. వాడి పేరు కొట్టినాను. తండ్రి పేరు దగ్గర మా నాయన పేరు కొట్టినాను. తేదీ, బండి నంబరు మార్చినాను. తర్వాత "అతివేగముగా మరియు అజాగ్రత్తగా" దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నిలిచిపోయింది.

"సార్, వాడు జోరుగా పోయేటోడు కాదు సార్. ఊరంతా తెలుసు."

"నాకు తెలియదా అమ్మా? అందరికీ ఇట్లే రాస్తాండాము కదా. దీంట్లో ఒక్కదాంట్లో వేరేగా రాస్తే పైవాళ్ళు ఎందుకని అడుగుతారు. నువ్వే చూస్తాండావు కదా ఇన్నేళ్ళుగా."

నేనే చూస్తున్నాను కదా ఇన్నేళ్ళుగా. ప్రింటు కొట్టినాను. అంగట్లో వేరే కాగితం లేదు, వాడు తెచ్చిన రీములోంచే ఒక షీటు తీసి పెట్టినాను. ఒక్క పేజీలోనే పట్టింది.

మా పక్క ఎవరైనా రోడ్డు మీద పోతే మూడో దినం ఆ చోటు కడిగే ఆచారం ఉంది. ఊడ్చి, నీళ్ళు చల్లి, పసుపు కుంకుమ వేసి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టి వస్తాము. లేకుంటే పోయినోళ్ళు ఆ చోటు వదలరంటారు. నేనూ మరదలూ పోయినాము. నేను చీపురు పట్టినాను, మరదలు గంప పట్టింది. మలుపంతా ఎర్ర ఇసుక, జల్లెడ పట్టినట్టు సన్నగా ఉంది. ఊడ్చేకొద్దీ వస్తూనే ఉంది. గంప ఎత్తుకుని గుంతలో పోసేదానికి పోతూ మరదలు జర్రున జారింది. నేను రెక్క పట్టుకుని నిలబెట్టి, "మెల్లగామే" అన్నాను. అంతేగానీ, ఆటో కూడా ఇట్లే జారింటాదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నల్లటి రోడ్డు కనపడేదాకా శుభ్రంగా ఊడ్చి, కడిగి, టెంకాయ కొట్టి ఇంటికొచ్చినాము. ఏమన్నా మిగిలింటే కదా ఎవరికైనా చూపించేదానికి!

తర్వాత మాటలు మొదలైనాయి. వాడిని గొర్రెలతో పోల్చి నవ్విన ఊరే, "జోరుగా తోలి చచ్చినాడంట కదా, కాగితంలో రాసిండారంట" అనేది. కాగితంలో ఉంటే కళ్ళతో చూసింది కూడా మారిపోతుంది, ఏం చెప్పేది. ఇంకొక మాట కూడా పుట్టింది, తాగి ఉన్నాడేమో అని. ఒకరోజు పాప బడి నుంచి వచ్చి సంచి విసిరికొట్టి ఏడ్చింది. "మీ నాయన అజాగ్రత్త అంట" అన్నారంట తోటి పిల్లలు.

ఆ సాయంత్రం మరదలు నా అంగడికి వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి అది నన్ను ఏదీ అడగలేదు. "నాకేమీ వద్దు వదినా. ఆయన జోరుగా పోలేదని ఒక్క కాగితం కావల్ల. పాపకు చూపించుకుంటా. అది పెద్దయ్యేదాకా దానికి అదొక్కటి ఉంటే చాలు."

ఒక్క కాగితం. కాగితాలు తప్ప ఇంకేమీ ఎరగని నన్ను అడిగింది. కాళ్ళరిగేలా తిరిగినాము. స్టేషనులో, ముద్దాయి చనిపోయినాడు గనక కేసు మూసేసినామన్నారు. పెనుకొండలో ఒక ఆఫీసులో, ధర్మవరంలో ఇంకో ఆఫీసులో, మూసేసిన కేసు తెరవడానికి కొత్త ఆధారం ఏముందని అడిగినారు. ముద్దాయి ఏందప్పా, వాడే కదా చచ్చింది అని నేను అరిచినాను. చచ్చినోడే ముద్దాయంట. నా అరుపుకు అక్కడి ప్యూను కూడా తల తిప్పలేదు.

ఏడాది దాటినాక ఒక పొద్దున, ముప్పై అయిదేళ్ళ ఒకామె కాగితాల కట్ట పట్టుకుని జెరాక్సుకు వచ్చింది. ఇంజనీరంట. వెంబడి ఇద్దరు మగవాళ్ళు, చేతుల్లో టేపులు, కెమెరాలు. పెనుకొండలో రూము తీసుకుని ఉన్నారంట. కట్ట చూస్తే అన్నీ మా మలుపు పంచనామాలు.

ఏం పనమ్మా ఇది అని అడిగితే ఆమె ఓపికగా చెప్పింది. "విమానం పడిపోతే ఎందుకు పడిందో చూసేదానికి వేరే మనుషులున్నారు. రైలుకూ ఉన్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళకే ఎవరూ లేరమ్మా. పోలీసులు తప్పెవరిదని చూస్తారు, అది వాళ్ళ పని. ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అని చూసేవాళ్ళు లేరు. అందుకని ఎవరి కిందా ఉండని ఒక సంస్థ కావాలని ఢిల్లీలో చట్టం ముసాయిదా తయారు చేస్తున్నారు. రోడ్డేసేవాళ్ళ కింద ఉండకూడదు, పోలీసుల కింద ఉండకూడదు, బండ్లు తయారు చేసేవాళ్ళ మాట వినకూడదు. అది వచ్చేలోపల ఇట్లాంటి కొన్ని చోట్లు తీసుకుని, ఆ సంస్థ ఉంటే ఎట్లా పనిచేస్తుందో మేము చేసి చూస్తున్నాము."

జెరాక్సు తీస్తున్నంతసేపూ ఆమె ఆ కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తూ ఉంది. "విచిత్రంగా ఉందమ్మా. పేర్లు, తేదీలు తప్ప అక్షరం అక్షరం కలిసిపోతున్నాయి. ఎవరు టైపు చేసినారో మరి." ఇంకో కాగితం తీసి, "మండలాఫీసులో వాన లెక్కలు చూసినాము. ఇవన్నీ వాన పడిన రోజో, మరునాడో జరిగినవే. కానీ ఒక్క దాంట్లో కూడా రోడ్డు ఎట్లా ఉందో రాయలేదు" అంది.

"నేనే టైపు చేసింది" అన్నాను. అన్నింటికన్నా అడుగున ఉన్న కాగితం చూపించి, "ఇది మా తమ్మునిది" అన్నాను. ఆమె కాగితాలు కిందపెట్టి నా పక్కన కూర్చుంది.

ధర్మవరంలో ఒక కల్యాణమండపంలో మీటింగు పెట్టినారు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు, డ్రైవర్లు, రోడ్ల ఆఫీసు వాళ్ళు, పోలీసులు అందరినీ పిలిచినారు. నేనూ మరదలూ పోయినాము. ఇంజనీరమ్మ తెర మీద మలుపు బొమ్మ చూపించి, గుట్ట మీది నీళ్ళకు కాలువ లేదు, ఇసుక రోడ్డు మీదికే వస్తుంది, మా అనుమానం అదే అని చెప్పింది. అప్పుడు రోడ్ల ఆఫీసు పెద్ద ఆఫీసరు ఒకాయన లేచినాడు. "అనుమానం కాదు మేడమ్. ఇన్నేళ్ళలో ఇన్ని ప్రమాదాలు జరిగినాయంటున్నారు. రోడ్డు మీద ఇసుక ఉందని ఒక్క కాగితంలో, ఒక్క లైను చూపించండి. ఆ వారమే కాలువ తవ్విస్తాము."

నా పక్కన మరదలు లేచి నిలబడింది. మాట తక్కువ పిల్ల, అంతమంది మగవాళ్ళ ముందర. "ఇసుక ఉండె సార్. నేను నా చేత్తో గంపకెత్తినా."

"ఎప్పుడమ్మా?"

"మూడో దినం సార్. కడిగేటప్పుడు."

"ఆ ఇసుక ఇప్పుడుందా?"

మరదలు నా వైపు చూసింది. వదిన అక్షరాలు తెలిసిన మనిషి కదా, ఏమైనా చెప్తుందని. నా చెవుల్లో పెద్దాయన గొంతు వినపడుతూ ఉంది. జానెడు మందమున పరచుకొని యున్నది. ఒక్క లైను కాదు, రెండు లైన్లు. నాకు తెలుసు. నేను లేవలేదు. లేస్తే ఆ లైన్లు ఏమయినాయని అడుగుతారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ లైన్లు తీసేసినదానికంటే ఆ పొద్దు కుర్చీలోంచి లేవకపోయినదానికే నాకు ఎక్కువ సిగ్గు.

బస్సులో తిరిగొస్తూ అది కిటికీలోంచి చూస్తూ ఒకటే మాట అంది. "ఇసుక పెట్టెలో పెట్టుకుని ఉండాల్సింది వదినా. నాకు తెలివి లేకపాయె."

మరునాడు పొద్దున వాళ్ళ ఇంటికి పోయినాను. పాప బడికి పోయింది. పాపకు చిన్నప్పుడు నేనిచ్చిన కాగితాల కట్టలు ఏమైనా ఉన్నాయామే అని అడిగితే మరదలు అటకమీంచి దించింది. ఒక్కొక్క షీటూ తిప్పి చూసినాను. రేషను కార్డు అర్జీలు, పెళ్ళి పత్రికలు, కోళ్ళు, ఇళ్ళు, సూర్యుళ్ళు. ఆ రెండో షీటు లేదు. లేకపోయినందుకు, దేవుడా, నా లోపల ఒక మూల సంతోషం కూడా కలిగింది.

లేవబోతూ గోడ చూసినాను. వాకిలి వెలుతురు ఆటో బొమ్మ మీద పడుతోంది. వానలకు గోడ చెమ్మ పట్టి కాగితం పలచబడింది. మీసాల వెనకనుంచి అక్షరాలు కనపడుతున్నాయి, తిరగేసినట్టు. రెండు లైన్లు. కింద సాక్షుల సంతకములు.

మే, ఇట్లా రా అని కేకేసినాను. మరదలు పరిగెత్తుకొచ్చింది. నేను గోడ చూపించినాను. అది చెంబుతో నీళ్ళు తెచ్చి, వేళ్ళతో అంచులు తడిపి, పోగు పోగూ విడదీసినట్టు ఆ కాగితాన్ని గోడ నుంచి విడిపించింది. ఎక్కడా చిరగలేదు. వెనక్కి తిప్పి కూడబలుక్కుంటూ చదివింది. ఇసుక అనే మాట దగ్గర ఆగి, నా మొహం చూసింది.

"ఇది యాడిది వదినా?"

చెప్పినాను. పెద్దాయన చెప్పింది, ఆయన టీకి పోయింది, నేను తీసేసింది, ఆయన చదవకుండా సంతకం పెట్టింది, మాదిరి, అన్నీ. ఒక్క ముక్క కుదించలేదు. అన్నేళ్ళు వాడి మంచం పక్కనే, వాడు తల పెట్టుకుని పడుకునే గోడకే ఉంది ఆ మాట. మలుపులో ఇసుక ఉందని.

అది తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండునని చూసినాను. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"రెండో కాగితం వేసింటే ఏం పోయుండును వదినా? మా ఇంట్లో ఒక్క పోగు తెగితే మగ్గం నిలిపి ముడేసేటోళ్ళము. చీర ఆలస్యమైతే కానీలే అని."

తడిసిన ఆ కాగితాన్ని నేను తీసుకుని వాకిట్లో ఎండకు పరిచినాను.

ఇంజనీరమ్మను పిలిచి ఆ కాగితం చూపించినాము. అసలు కాగితం ఇవ్వనంది మరదలు. ఆమె బలవంతం చేయలేదు, రెండు పక్కలా ఫోటో తీసుకుంది. నా వాంగ్మూలం నేనే టైపు చేసుకున్నాను. నాలుగు పేజీలు వచ్చింది. నాలుగో పేజీలో మూడు లైన్లే ఉన్నాయి, అట్లే ఉంచినాను. రిటైరైన పెద్దాయనను వెతికి పట్టుకుని అడిగితే, చెప్పినట్టు గుర్తుందన్నాడంట. తర్వాత ఫోను చేసి, "చదవాల్సింది నేను కదమ్మా" అని ఏడ్చినాడు. ఇద్దరమూ ఫోన్లో ఏడ్చుకున్నాము.

కాలువ తవ్వినారు. బోర్డు పెట్టినారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయినాయి, మలుపులో ఎవరూ పడలేదు. ఎవరో వచ్చి, నీ వల్ల మంచి జరిగిందమ్మా అన్నారు. ఆ మనిషిని అంగట్లోంచి పొమ్మన్నాను.

వాళ్ళ రిపోర్టు వచ్చినప్పుడు ఇంజనీరమ్మ ఒక కాపీ పంపింది. నేను మరదలికి చదివి వినిపించినాను. గుట్ట, నీళ్ళు, ఇసుక, ఒకే నమూనాలో రాసిన పంచనామాలు, తొలగించబడిన రెండు లైన్లు, అన్నీ ఉన్నాయి. వాడి దగ్గరికి వచ్చేసరికి "ఒక మూడు చక్రాల వాహనం" అని ఉంది.

"ఆయన పేరు యాడ?" అంది మరదలు.

"దీంట్లో ఎవరి పేర్లూ రాయరంట మే. నాదీ లేదు."

"ఆయన తప్పు లేదని రాసినారా?"

"తప్పెవరిదని చూసేది వీళ్ళ పని కాదంట. ఎందుకు జరిగిందో అదొక్కటే రాస్తారంట."

"మరి పోలీసు కాగితం?"

"అది అట్లే ఉంటాది."

ఆ సంస్థ ఇంకా రాలేదు. ముసాయిదా ఢిల్లీలో ఎవరి బల్ల మీదో ఉందంట, చర్చలు జరుగుతున్నాయంట. ఇంజనీరమ్మ పండక్కో పబ్బానికో ఫోను చేసి, వస్తుందమ్మా అంటుంది. రావాలనే నేనూ కోరుకుంటాను. వచ్చినా వాడి కాగితం మారదు. ఆ కాగితం నేనే టైపు చేసినాను, వాడు తెచ్చిన షీటు మీద. మొదటి పంచనామా, ఆ మాదిరి, ఇప్పటికీ నా కంప్యూటర్లోనే ఉంది.

పోయిన నెల వాళ్ళ ఇంటికి పోయినాను. గోడ మీద మళ్ళీ ఆ కాగితం అతికించి ఉంది. ఈసారి ఆటో గోడవైపుకు, రెండు లైన్లు మనుషుల వైపుకు. మరదలే అట్లా అతికించిందంట. పాప ఇప్పుడు పెద్ద క్లాసులకు వచ్చింది, ఏది కనపడినా చదువుతుంది. గోడ ముందర నిలబడి ఆ రెండు లైన్లూ పైకి చదివింది. చదివి, వంగి కాగితం కింద చూసింది, పక్కన చూసింది.

"అత్తా, ఇది రెండో పేజీ కదా. మొదటి పేజీ యాడుండాది?"

మరదలు వంటింట్లోంచి వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది.

"నా దగ్గరుండాదమ్మా" అన్నాను.